తెగులుకు పేరు పెట్టే ముందు

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదువుకున్నాను. అనంతపురం వేరుశనగ చేలల్లో వైరస్ తెగుళ్ల వెంట తిరిగాను. తర్వాత అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం కొర్వాలిస్ చేరి, ఉద్యోగం విరమించేదాకా బెర్రీ పంటల వైరస్‌ల మీదే పనిచేశాను. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ, బ్లూబెర్రీ, నల్ల కరెంట్ వీటిలో ఏదీ రైతు విత్తనం వేసి పెంచడు. తీగపిల్లలనో, కొమ్మ ముక్కలనో, టిష్యూకల్చర్ మొక్కలనో తెచ్చి నాటుతాడు. తల్లిమొక్కలో వైరస్ ఉంటే దాని పిల్లలన్నిటిలోనూ ఉంటుంది. బ్లూబెర్రీ పొద నాటితే పాతికేళ్లయినా కాయాలి కాబట్టి, నాటిన రోజున జరిగిన పొరపాటును ఆ రైతు పాతికేళ్లూ మోయాలి. ఇప్పుడు మన ప్రాంతాల పిల్లలు చాలామంది అక్కడి ప్రయోగశాలల్లో చేరుతున్నారు. ఇక్కడ లంబసింగిలో స్ట్రాబెర్రీ పండిస్తున్నారు. ఇద్దరికీ పనికొస్తాయని ఈ పాఠాలు రాస్తున్నాను.

1. రెండు తెగుళ్లు ఒకేలా కనిపిస్తే ఒకే పేరు పెట్టకండి

వాషింగ్టన్ రాష్ట్రంలో ప్యూయాలప్ దగ్గర 1980లో బ్లూబెర్రీ పొదలు సరిగ్గా పూతకొచ్చే వేళకు మాడిపోవడం గమనించారు. పూలగుత్తులూ వాటి పక్కనున్న లేతాకులూ గోధుమరంగుకు తిరిగి, రాలకుండా కొమ్మకే వేలాడతాయి. మరుసటేడు మళ్లీ అదే వరస. కొన్నేళ్లకు పొద క్షీణించి చచ్చిపోతుంది. కారణం కార్లావైరస్ వర్గపు కొత్త వైరస్ అని 1988లో తేలింది. దానికి బ్లూబెర్రీ స్కార్చ్ వైరస్ అని పేరు పెట్టారు. పేనుబంక దాన్ని మోస్తుంది. న్యూజెర్సీలో అంతకుముందునుంచీ రైతులను ఏడిపిస్తున్న ‘షీప్ పెన్ హిల్’ తెగులు కూడా ఇదే వైరస్‌లో మరో రకం వల్ల వస్తోందని తర్వాత బయటపడింది.

ఈలోగా 1987లో వాషింగ్టన్‌లోనే ఇంకో తోట పూత మాడింది. చూసినవాళ్లు స్కార్చే అనుకున్నారు. ఆ పొదలు మాత్రం జూన్, జులై నాటికి కొత్త చిగురు తొడిగి పచ్చగా లేచాయి. ఆ యేడు కాపు లేదు. ఒకటి నుంచి నాలుగేళ్లలోపు ఆ దెబ్బ ఆగిపోయి, తర్వాత అవి మామూలుగా కాశాయి. పరీక్షిస్తే వైరస్ ఇంకా లోపలే ఉంది. ఇది కార్లావైరస్ కాదు, ఇలార్‌వైరస్. దీనికి పేనుబంకతో పనిలేదు, పుప్పొడిలో ప్రయాణిస్తుంది. తోటకు అద్దెకు తెచ్చిన తేనెటీగలే దాన్ని పూవు నుంచి పూవుకు చేరుస్తాయి. దీనికి బ్లూబెర్రీ షాక్ వైరస్ అని పేరొచ్చింది.

ఇక రైతు ఏం చేయాలో చూడండి. స్కార్చ్ అయితే జబ్బు పొదను ఆలస్యం చేయకుండా పీకి కాల్చాలి, పేనుబంకను అదుపులో పెట్టాలి. షాక్ ఇప్పటికే పాతుకుపోయిన ప్రాంతంలో అయితే పొదలు పీకడం వల్ల మిగిలేది నష్టమే. మీరు పీకేలోపు తేనెటీగలు తోటంతా చుట్టేసి ఉంటాయి. ఓపిక పడితే అవే తేరుకుని కాస్తాయి. కళ్లకు ఒకేలా కనబడే రెండు తెగుళ్లకు వైద్యం పూర్తిగా ఎదురెదురు. పేరు తప్పు చెబితే బతకాల్సిన తోటను నరికిస్తాం, నరకాల్సిన దాన్ని ఊరంతా అంటించేదాకా ఉంచుతాం.

ఈ సంగతి నాకు కొర్వాలిస్‌లో కొత్తగా అనిపించలేదు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగ ఎండిపోయింది. నష్టం 300 కోట్ల రూపాయల పైమాటేనని అంచనా వేశారు. అందరి నోటా ముందుగా వచ్చిన మాట మొవ్వుకుళ్లు తెగులు, ఎందుకంటే అది మనకు ఏళ్లుగా తెలిసిన తెగులు. ఇక్రిశాట్‌లో డి.వి.ఆర్. రెడ్డి గారూ ఆయన సహచరులూ పరీక్షించి ఇది టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. ఇదీ ఇలార్‌వైరసే. వయ్యారిభామ పుప్పొడిలో దాక్కుంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి పూసుకొచ్చి, ఆకును గీకినప్పుడు ఆ గాయంలోంచి లోపలికి పంపుతాయి. మొవ్వుకుళ్లు వైరస్ అలా కాదు, అది తామర పురుగు ఒంట్లోనే పెరుగుతుంది. పురుగు అదే అయినా కథ వేరు. అందుకే టొబాకో స్ట్రీక్ తెచ్చే ఈ కాండం కుళ్లు తెగులుకు సలహా మారింది: గట్ల మీద వయ్యారిభామను పూతకు రాకముందే పీకండి, చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్నో సజ్జో వేయండి అన్నారు. వైరస్ ఎవరో తెలియకపోతే ఆ సలహా పుట్టేదే కాదు.

2. ఆకు కంటే ముందు తోటను చదవండి

ప్లాస్టిక్ సంచిలో వచ్చిన ఆకు చాలా తక్కువ చెబుతుంది. తోటలో నిలబడి అడగాల్సినవి అడగాలి. జబ్బు మొక్కలు గుంపుగా ఉన్నాయా, అక్కడక్కడా చెదిరి ఉన్నాయా? వరుస వెంబడి పాకుతోందా, గాలివాటున ఒక అంచు నుంచి లోపలికి వస్తోందా? నిరుడు ఎన్ని పొదలు, ఈ యేడు ఎన్ని? మొక్కలు ఏ నర్సరీవి, ఒకే లాటులో వచ్చాయా? కలుపుమందు ఎప్పుడు కొట్టారు? మందు తగిలిన ఆకూ, వైరస్ పట్టిన ఆకూ ఒకేలా ముడుచుకునే సందర్భాలు మీరు ఊహించనన్ని ఉంటాయి.

నాటిన యేడే తోటంతా ఒక్కసారిగా జబ్బు చూపిస్తే నర్సరీ వైపు చూడాలి. ఏటా కొంత కొంత పెరుగుతుంటే మోసేదేదో అక్కడే ఉందన్నమాట. ఎగిరే పురుగులు చెదరగొడతాయి, నేలలోని నులిపురుగులు గుండ్రటి మచ్చలుగా మెల్లగా విస్తరింపజేస్తాయి. పుప్పొడితో వచ్చేది పూత వయసుకు రాని మొక్కలను వదిలేస్తుంది. ఏ యంత్రమూ ముట్టకముందే సగం అనుమానితులు తప్పుకుంటారు.

కెనడాలో ఫ్రేజర్ లోయ, అబట్స్‌ఫర్డ్ వైపు బెర్రీ రైతుల్లో పంజాబీలు చాలామంది. నా హిందీతో వాళ్లతో మాట్లాడేవాణ్ణి. పెద్దాయన ఒకరు వరుసల మధ్య నడుస్తూ, ఏ పొద ఏ యేడు పూత రాల్చిందో చేత్తో చూపించుకుంటూ చెప్పేవారు. కాగితం మీద ఎక్కడా లేని వివరం అది. శాస్త్రవేత్త నోట్‌బుక్‌లోకి ఎక్కాల్సిన మొదటి సమాచారం అలాంటి మనిషి జ్ఞాపకమే. ఆయన మాట పూర్తయ్యేదాకా కత్తెర జేబులోంచి తీయకండి.

3. ఆరోగ్యంగా ఉన్న పొద ఆకు కూడా కోయండి

జబ్బు మొక్కలే కోసుకొచ్చి, వాటన్నిటిలో ఫలానా వైరస్ ఉందని చెబితే అది ఏ రుజువూ కాదు. పక్కనే పచ్చగా ఉన్న పొదల్లోనూ అదే వైరస్ ఉండొచ్చు. అదే తోటలో, అదే రకంలో, అదే వయసులో ఉన్న మంచి మొక్కలను జబ్బువాటితో సమానంగా తీసుకోండి. ఎండలు ముదిరాక చాలా వైరస్‌ల మోతాదు పడిపోతుంది కాబట్టి వసంతంలో లేతాకులు కోయండి. ఒకే కొమ్మ నుంచి కాకుండా పొద నాలుగు వైపులా తీయండి. చెక్క జాతి మొక్కల్లో వైరస్ అన్ని కొమ్మల్లో సమంగా ఉండదు.

4. బెర్రీ ఆకు రసాన్ని గౌరవించండి

పొగాకు ఆకులోంచి ఆర్ఎన్ఏ తీయడం వచ్చినవాడు బ్లూబెర్రీ ఆకు దగ్గరకొచ్చి తెల్లబోతాడు. ఈ ఆకుల నిండా పాలీఫినాల్‌లు, బంకలాంటి పాలీశాకరైడ్‌లు. నూరగానే రసం గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ పాలీఫినాల్‌లు న్యూక్లియిక్ ఆమ్లాలను పట్టుకుని వదలవు, పీసీఆర్‌లో ఎంజైమును పనిచేయనివ్వవు. ఫలితం ‘వైరస్ లేదు’ అని వస్తుంది. నిజానికి అక్కడ జరగనిది పరీక్షే. అందుకే నూరే ద్రావణంలో పీవీపీ, సల్ఫైటు లాంటివి కలుపుతాం. దానితోపాటు మొక్క సొంత జన్యువు ఒకదాన్ని కూడా ప్రతి నమూనాలో వెతుకుతాం. అది దొరికితేనే ‘లేదు’ అన్న మాటకు విలువ.

కొత్త వైరస్‌ల వేటలో మా తరానికి దారి చూపింది రెండు పేటల ఆర్ఎన్ఏ. మొక్క తన పనికి వాడే ఆర్ఎన్ఏ ఒంటిపేట. ఆర్ఎన్ఏ వైరస్‌లు తమను తాము నకలు చేసుకునేటప్పుడు మాత్రం పొడవాటి జంటపేటలు ఏర్పడతాయి. తగిన పాళ్లలో ఆల్కహాలు కలిపిన ద్రావణంలో ఆ జంటపేటలు సెల్యులోజ్ పొడికి అతుక్కుంటాయి, మిగతావి కడుక్కుపోతాయి. మోరిస్, డాడ్స్ 1979లో వివరించిన ఈ పద్ధతి దశాబ్దాలపాటు బెర్రీ ప్రయోగశాలలను నడిపింది. జెల్ మీద ఎన్ని గీతలు, ఎంత పొడవువి అన్నది చూసి ఏ కుటుంబమో ఊహించేవాళ్లం.

ఈ పద్ధతికి కనబడని మూల ఒకటుంది. బ్లూబెర్రీ రెడ్ రింగ్‌స్పాట్ వైరస్ లాంటివాటి జన్యుపదార్థం డీఎన్ఏ. జంటపేట ఆర్ఎన్ఏ వలలో అవి పడకపోవచ్చు. ఏ పద్ధతి వాడినా, అది ఏ జాతి వైరస్‌లను చూడలేదో ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. ఏమీ దొరకనప్పుడు ఆ కాగితమే తర్వాతి దారి చూపిస్తుంది.

5. యాంటీబాడీ గుర్తుపట్టిందని సరిపెట్టుకోకండి

స్ట్రాబెర్రీలో నెక్రోటిక్ షాక్ అనే జబ్బును ఫ్రేజర్ బృందం 1962లో వర్ణించింది. టొబాకో స్ట్రీక్ వైరస్‌కు తయారుచేసిన యాంటీబాడీ ఈ స్ట్రాబెర్రీ వైరస్‌ను కూడా పట్టుకుంది. దాంతో ఇదీ టొబాకో స్ట్రీకే అని పుస్తకాలకెక్కింది. నలభై ఏళ్లు అలాగే సాగింది. చొక్కా చూసి మనిషిని గుర్తుపట్టినట్టే ఇది. యాంటీబాడీ చూసేది వైరస్ పైపొర ప్రొటీన్‌ను మాత్రమే, అది కూడా అక్కడక్కడా కొన్ని ముక్కలను. 2004లో జానెటాకిస్, మార్టిన్ తదితరులు జన్యువరుసలు పోల్చి చూసి ఇది వేరే వైరస్ అని నిరూపించారు. అప్పటినుంచి స్ట్రాబెర్రీ నెక్రోటిక్ షాక్ వైరస్ సొంత పేరుతో బతుకుతోంది. రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీలలో టొబాకో స్ట్రీక్ అని రాసిపెట్టిన ఫలితాలను కూడా తిరిగి చూడాల్సి వచ్చింది.

అనంతపురంలో అసలు టొబాకో స్ట్రీక్‌ను చూసినవాడిగా ఈ వార్త నన్ను చాలా ఆలోచింపజేసింది. ఒకే పేరు కింద రెండు వైరస్‌లు నడుస్తుంటే, ఒకదాని మీద చేసిన పరిశోధనను రెండోదానికి అంటగడుతుంటాం. యాంటీబాడీతో చేసే ఎలిసా చవకైన, నమ్మకమైన పరీక్ష. వేల మొక్కలు చూడాలంటే నేటికీ దాన్ని మించింది తక్కువే. తెలిసిన వైరస్ కోసం అది వాడండి. కొత్తదాన్ని నిర్ధారించడానికి మాత్రం అదొక్కటే చాలదు.

6. జన్యువరుస చేతికొచ్చాక పని మొదలవుతుంది

2009 తర్వాత మొక్కల వైరస్ శాస్త్రం రూపురేఖలు మారిపోయాయి. అధిక సామర్థ్యపు సీక్వెన్సింగ్‌తో ఆకులో ఉన్న ఆర్ఎన్ఏ అంతటినీ చదివేయొచ్చు. ఏ వైరస్ కోసం వెతుకుతున్నామో ముందుగా తెలియనక్కర్లేదు. ఇది గొప్ప వరం, నేను దాని పక్షమే. ఆ వరం చేతికందగానే పేరు పెట్టేసి వ్యాసం పంపేసే తొందరే నాకు మింగుడుపడదు.

కంప్యూటర్ కలిపి ఇచ్చిన వరుసలో చివర్లు చాలాసార్లు ఉండవు. వైరస్ నకలు మొదలయ్యేది ఆ చివర్ల దగ్గరే. రేస్ పద్ధతిలో రెండు కొసలూ విడిగా తేల్చాలి, మధ్యలో అనుమానంగా ఉన్న చోట్లు పీసీఆర్‌తో మళ్లీ చదవాలి. తర్వాత బంధుత్వం చూడాలి. కార్లావైరస్‌లలో కొత్త జాతి అనాలంటే పైపొర ప్రొటీన్ జన్యువో, నకలు చేసే ఎంజైము జన్యువో తెలిసిన వాటితో పోలిస్తే న్యూక్లియోటైడ్‌ల్లో 72 శాతం కంటే, అమైనో ఆమ్లాల్లో 80 శాతం కంటే తక్కువ పోలిక ఉండాలి. ప్రతి వర్గానికీ వైరస్‌లను వర్గీకరించే అంతర్జాతీయ సంఘం పెట్టిన హద్దు వేరు. హద్దు లోపల ఉన్నదాన్ని కొత్త వైరస్ అని ఊరేగించకూడదు.

ఆ వరుస ఎవరిదన్నది ఇంకో ప్రశ్న. ఆకు మీది బూజుకు వైరస్‌లుంటాయి, ఆకు తింటున్న పేనుబంకకూ ఉంటాయి. అవన్నీ మన జాబితాలోకి వస్తాయి. రాస్ప్‌బెర్రీలో రూబస్ యెల్లో నెట్ వైరస్ ఇంకా చిత్రం. దాని డీఎన్ఏ ముక్కలు కొన్ని రాస్ప్‌బెర్రీ రకాల క్రోమోజోముల్లోనే ఎప్పటినుంచో ఇమిడిపోయి ఉన్నాయి. మామూలు పీసీఆర్ చేస్తే మొక్కకు జబ్బు ఉన్నట్టు వస్తుంది. వైరస్ లేని మొక్కను వైరస్ ఉందని పారేస్తాం, లేదా శుద్ధి చేయాలని ఏళ్ల తరబడి తంటాలు పడతాం. క్రోమోజోము నుంచి తీసేయడం ఎవరి తరమూ కాదు గదా. అలాంటి చోట విడిగా తిరిగే వైరస్‌నే పట్టే పరీక్ష రూపొందించుకోవాలి.

7. ఒంటరిగా నిమ్మళంగా ఉండేది జతకూడితే మారిపోతుంది

బెర్రీలు నాకు నేర్పిన వాటిల్లో దీనికే నేను పెద్దపీట వేస్తాను.

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో 2000 ప్రాంతంలో బ్లాక్‌బెర్రీ ఆకుల ఈనెలు పసుపెక్కి, కొమ్మలు ఎండి, తోటలు కొన్నేళ్లకే పనికిరాకుండా పోవడం మొదలైంది. మొదట టొబాకో రింగ్‌స్పాట్ వైరస్ మీద అనుమానపడ్డారు. తర్వాత తెల్లదోమ మోసే కొత్త క్రినీవైరస్ దొరికింది. దాన్నొక్కదాన్నే ఆరోగ్యమైన బ్లాక్‌బెర్రీలోకి ఎక్కిస్తే మొక్కకు ఏమీ కాలేదు! ఆకు పచ్చగా నవనవలాడుతూనే ఉంది. బ్లాక్‌బెర్రీ వైరస్ వై అని మరొకటి దొరికింది, అదీ ఒంటరిగా ఉంటే మౌనమే. రెండూ ఒకే మొక్కలో కలిశాక జబ్బు కనపడింది. తోటల్లో వెతికేకొద్దీ ఇంకా ఎన్నో వైరస్‌లు, రకరకాల జతల్లో తేలాయి. ఒక తోటలో ఉన్న జత పక్క తోటలో లేదు, లక్షణం మాత్రం ఒకటే. జబ్బుకు ఒకే దోషి ఉండాలని పట్టుబట్టినవాడు ఇక్కడ ఎన్నేళ్లు వెతికినా తేల్చలేడు.

వాయవ్య రాష్ట్రాల రాస్ప్‌బెర్రీలో కాయ పొడిపొడిగా రాలిపోవడం పాత సమస్య. పుప్పొడితో వచ్చే బుషీ డ్వార్ఫ్ వైరస్ దానికి కారణమని తెలుసు. కొన్ని తోటల్లో మాత్రం నష్టం మరీ ఎక్కువగా ఉండేది. అక్కడ పేనుబంక మోసే రాస్ప్‌బెర్రీ లీఫ్ మాటిల్ వైరస్ కూడా ఉందని తేలింది. ఆ రెండూ ఒకే మొక్కలో ఉన్నప్పుడు బుషీ డ్వార్ఫ్ మోతాదు ఒంటరిగా ఉన్నప్పటికంటే దాదాపు 400 రెట్లు పెరిగిందని కొలిచి చూపించారు. బుషీ డ్వార్ఫ్‌ను తెచ్చే పుప్పొడిని ఆపడం రైతు చేతిలో లేదు. పేనుబంకను ఆపడం ఉంది. జత ఎవరితోనో తెలిస్తే దాన్ని విడగొట్టే చోటూ తెలుస్తుంది.

కాలిఫోర్నియాలో వాట్సన్‌విల్ చుట్టుపక్కల 2002, 2003 సంవత్సరాల్లో స్ట్రాబెర్రీ తోటలు నీరసించి కూలాయి. నష్టం సుమారు 5 కోట్ల డాలర్లు. ఆ రెండేళ్లలో తెల్లదోమ విపరీతంగా పెరిగింది. అది తెచ్చిన రెండు క్రినీవైరస్‌లు, అప్పటికే పేనుబంక ద్వారా మొక్కల్లో ఉన్న పాత వైరస్‌లతో కలిశాయి. కొత్త పురుగు వచ్చిందంటే కొత్త జతలు వస్తాయి. మన దగ్గర మిరపలోనూ పత్తిలోనూ పురుగుల రాజ్యం మారినప్పుడల్లా ఈ సంగతి గుర్తుచేసుకోండి.

8. మోసేదాన్ని పట్టుకునేదాకా ఆగకండి

యూరప్‌లో నల్ల కరెంట్ పొదలు కాపు మానేసే రివర్షన్ జబ్బు నెదర్లాండ్స్‌లో 1904లోనే నమోదైంది. మొగ్గల్లో ఉండే నల్లి దాన్ని వ్యాపింపజేస్తుందని పాతతరం వారికే తెలుసు. కారణమైన వైరస్ దొరకడానికి మాత్రం 1997 దాకా పట్టింది, ఫిన్‌లాండ్ శాస్త్రవేత్తల చేతుల్లో. ఆ మధ్యకాలమంతా రైతులు చేసింది సరైనదే: నల్లి వల్ల ఉబ్బిన మొగ్గలున్న పొదలు పీకేశారు, నల్లి లేని మొక్కలు నాటారు. వైరస్ మొహం చూడకపోయినా మోసేదాన్ని పట్టుకున్నందువల్ల పంట నిలబడింది.

దీనికి తిరగేసిన కథ స్కాట్లాండ్‌ది. రాస్ప్‌బెర్రీ ఆకుల మీద పసుపు మచ్చలు వస్తే, ఆకు కింద ఉండే సన్నని నల్లి కొరకడం వల్లే అనుకున్నారు చాలాకాలం. నల్లి అక్కడే కనిపిస్తోంది కాబట్టి ఇంకేం వెతకాలి? 2012లో డండీ దగ్గరి జేమ్స్ హటన్ సంస్థ వాళ్లు ఆ ఆకుల్లో ఎమారావైరస్ వర్గానికి చెందిన కొత్త వైరస్‌ను చూపించారు. కంటికి కనిపించేది దోషి కావొచ్చు, దోషిని వీపున మోస్తున్నదీ కావొచ్చు.

జార్జియా రాష్ట్రపు దక్షిణ రకం బ్లూబెర్రీల్లో 2006లో గమనించిన నెక్రోటిక్ రింగ్ బ్లాచ్ మరీ వింత. ఆకు రెండు వైపులా వలయాల మచ్చలు, తీవ్రమైతే ఆకులన్నీ రాలిపోవడం. వైరస్ జన్యువు నాలుగు ముక్కలుగా ఉంది. అయితే ఆ వైరస్ మొక్కంతా పాకదు, పట్టిన ఆకులోనే ఉండిపోతుంది. ఆ ఆకు రాలితే వైరస్ కూడా రాలినట్టే. వైరస్ పట్టిన మొక్క జన్మంతా రోగిష్టిదేనని మనం చదువుకున్న పాఠం ఇక్కడ చెల్లదు. దీన్ని జన్యువరుస చూసి ఎవరూ చెప్పలేదు. మొక్కలను కుండీల్లో పెట్టి, పాత ఆకులు రాలాక కొత్త ఆకులు పరీక్షించి తెలుసుకున్నారు. అందుకే పొదలు పీకమనే సలహా ఆ రైతులకు ఇవ్వలేదు.

9. అంటుకట్టడం నేర్చుకోండి

ప్రయోగశాలల్లో ఇప్పుడు అంటుకట్టగల చేతులు తగ్గిపోతున్నాయి. నాకు నిజంగా బాధ కలిగించే విషయమిది. స్ట్రాబెర్రీ ఆకు తొడిమను ఏటవాలుగా చెక్కి, సూచిక మొక్క తొడిమ చీలికలో దూర్చి కట్టే పద్ధతిని బ్రింగ్‌హర్స్ట్, వోత్ 1956లో ప్రకటించారు. అమ్ముడుపోయే స్ట్రాబెర్రీ రకాలు చాలావరకు వైరస్‌లను లోపల దాచుకుని పైకి ఏమీ చూపించవు. అడవి స్ట్రాబెర్రీ అలా కాదు, వెంటనే బయటపెడుతుంది, అందుకే సూచిక మొక్కగా దాన్ని వాడతాం.

పాలిడోసిస్ అనే జబ్బును ఇలాగే పట్టారు. అది అడవి స్ట్రాబెర్రీల్లో వర్జీనియానా జాతి సూచిక మొక్కల్లో లక్షణాలు చూపిస్తుంది, వెస్కా జాతిలో చూపించదు. ఆ తేడానే జబ్బుకు నిర్వచనం. దాదాపు అర్ధ శతాబ్దం పాటు దాని వైరస్ ఎవరో ఎవరికీ తెలియదు. అయినా అంటుకట్టే పరీక్ష వల్ల నర్సరీలు ఆ మొక్కలను పక్కనపెట్టగలిగాయి. చివరికి 2000ల మొదట్లో ఆ వైరస్ దొరికింది. అప్పుడు కూడా, ఇది ఆ పాత జబ్బుదేనని చెప్పడానికి అవే సూచిక మొక్కలు సాక్ష్యమిచ్చాయి. కొత్త వైరస్ జబ్బు కలిగిస్తుందా అన్న ప్రశ్నకు ఆరోగ్యమైన మొక్కకు అంటించి చూడడమే జవాబు. చెక్క జాతి మొక్కలకు అది ఏళ్లు పడుతుంది. స్కార్చ్ పట్టిన పొదే ఒకటి రెండేళ్లు ఏమీ చూపించకుండా ఉంటుంది. మూడేళ్ల ప్రాజెక్టులో ఇది ఇమడదని నాకు తెలుసు. మొదటి యేడే అంటుకట్టి కుండీ పక్కన పెట్టేస్తే మీ తర్వాత వచ్చినవారికైనా ఫలితం అందుతుంది.

10. మొక్కను చావనివ్వకండి

వ్యాసం అచ్చయ్యాక తల్లిమొక్కను పారేసే ప్రయోగశాలలు చాలా ఉన్నాయి. వరుస డేటాబేస్‌లో మిగులుతుంది, వైరస్ మిగలదు. మరొకరు కొత్త పరీక్ష తయారుచేసి సరిచూసుకోవాలంటే దానికి ఆధారం లేదు. కీటకాలు దూరని నెట్‌హౌస్‌లో ఒక కుండీ, డీప్ ఫ్రీజర్‌లో కొంత ఆకు, ఏ తోట, ఏ రకం, ఏ తేదీ అన్న చీటీ ఉంచండి. ఇంతే పని.

11. ప్రకటించేటప్పుడు నర్సరీని, రైతును తలుచుకోండి

కొత్త వైరస్ అన్న మాట బయటికి వెళ్లగానే క్వారంటైన్ అధికారులు చెవులు రిక్కిస్తారు. అది జబ్బు కలిగిస్తుందో లేదో తేలకముందే మొక్కల రవాణా ఆగిపోవచ్చు. ఏ హానీ చేయని వైరస్ పేరుతో నర్సరీ మూతపడడం నేను చూశాను. మరో చోట నిజంగా ప్రమాదకరమైనదాన్ని నెలల తరబడి లోపలే దాచారు, అదీ చూశాను. రెండూ అన్యాయమే. ఎంత తెలిసిందో అంతే చెప్పాలి: వరుస దొరికింది, ఇన్ని జబ్బు మొక్కల్లో ఉంది, ఇన్ని మంచి మొక్కల్లోనూ ఉంది, ఎలా వ్యాపిస్తుందో ఇంకా తేలలేదు. కొత్తగా దొరికిన వైరస్‌లను ఏ మెట్టు తర్వాత ఏ మెట్టుగా బేరీజు వేయాలో మసార్ట్, ఇంకా అనేకమంది కలిసి 2017లో ఒక పద్ధతి ప్రతిపాదించారు. ఈ రంగంలోకి వచ్చే ప్రతివారూ దాన్ని చదివి తీరాలి.

చివరికి ఈ పరిశోధనంతా చేరాల్సింది శుభ్రమైన తల్లిమొక్క దగ్గరికే. మొక్కను 37, 38 డిగ్రీల వేడిలో కొన్ని వారాలు పెంచి, అర మిల్లీమీటరు కూడా లేని చిగురు కొనను సూక్ష్మదర్శిని కింద కోసి, గాజుసీసాలో పెంచుతారు. పెరిగాక మళ్లీ అన్ని పరీక్షలూ చేస్తారు. బుషీ డ్వార్ఫ్ లాంటి మొండి వైరస్‌కు ఈ వేడి చాలదు, చిగురు కొనను అతిశీతలంలో గడ్డకట్టించే పద్ధతిని కూడా జోడించాల్సి వచ్చింది. అమెరికాలో 2008 వ్యవసాయ చట్టంతో ఏర్పడిన జాతీయ శుభ్రమొక్కల వ్యవస్థ ఈ పని చేసే ప్రయోగశాలలకు అండగా ఉంది, బెర్రీలూ అందులో భాగమే.

మన దగ్గర అల్లూరి జిల్లా లంబసింగి, చింతపల్లి చుట్టుపక్కల స్ట్రాబెర్రీ వేస్తున్న రైతులు మొక్కలను మహారాష్ట్ర వైపు నుంచి తెచ్చుకుంటారు. మన దేశంలో సాగయ్యే రకాల్లో కామరోజా కాలిఫోర్నియాది, స్వీట్ చార్లీ, వింటర్ డాన్ ఫ్లోరిడావి. అంత దూరం నుంచి నడిచొచ్చిన మొక్కల్లో ఏముందో చూడడానికి హైదరాబాద్‌లో, తిరుపతిలో పరికరాలున్నాయి, చదువుకున్న పిల్లలున్నారు. ఎలిసాతో, పీసీఆర్‌తో నాటడానికి ముందే ప్రతి లాటు నుంచి కొన్ని మొక్కలు పరీక్షించాలి. స్ట్రాబెర్రీ మాటిల్, క్రింకిల్, మైల్డ్ యెల్లో ఎడ్జ్, వెయిన్ బ్యాండింగ్, రెండు క్రినీవైరస్‌లు, ఈ ఆరింటితో మొదలుపెట్టొచ్చు. వయ్యారిభామ లంబసింగి రోడ్ల పక్కనా ఉంటే, ఏడోదిగా టొబాకో స్ట్రీక్‌ను చేర్చుకోండి. ఇప్పటికే నాటిన తోటల్లో మొదటి నమూనాలు డిసెంబరు చలిలో, కాపు మొదలయ్యే వేళ తీయండి, తీగపిల్లలు కోసి మళ్లీ నాటుకునే రైతుల పొలాల నుంచి ముందుగా.